మాట అందించకు

ఆ వేసవిలో నేను నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. నేర్చుకున్నన్నాళ్ళూ అందుకు జీతం కూడా ఇచ్చారు. మా వంశంలో ఇలాంటి అదృష్టం ఇంకెవరికీ పట్టలేదు.

చిన్నప్పుడు ఇంట్లో నన్ను వసపిట్ట అనేవారు. పెళ్ళయి అత్తవారింటికి వెళ్తే అక్కడా నాలుగో రోజుకే అదే పేరు వచ్చింది. ఎవరో చెప్పి పెట్టింది కాదు, నా మాటలు విన్నవాళ్ళకి ఇంకో పేరు తోచదు, అంతే. మా ఆయన దీనికి పూర్తిగా ఎదురు. కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టి మళ్ళీ బతికించడం ఆయన పని. ఫ్యాన్లు, పంపులు, మిక్సీలు, ఏదైనా సరే. చేతిలో అంత విద్య ఉన్న మనిషికి నోటి దగ్గరికి వచ్చేసరికి మాట బిగుసుకుపోతుంది. నత్తి. కొన్ని మాటలు గబుక్కున వచ్చేస్తాయి, కొన్ని గుమ్మం దాటడానికి మొహమాటపడే చుట్టాల్లా అక్కడే నిలబడిపోతాయి.

పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన మొదలుపెట్టిన మాటల్లో సగానికి పైగా నేనే పూర్తి చేశాను. "క... క..." అనగానే "కాఫీయేగా, ఇదిగో" అంటూ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టేదాన్ని. ఆయన ఆ కాఫీ తాగేసి, లేచి వెళ్ళి, తనకి కావలసిన కత్తెర తనే తెచ్చుకునేవారు. బ్యాంకులో నేనే, ఆసుపత్రిలో నేనే, బేరాల దగ్గర నేనే. షాపు బోర్డు మీద రాసి ఉన్న ఫోన్ నంబరు కూడా నాదే. ఇదంతా ప్రేమ అనుకున్నాను. ఇప్పటికీ ప్రేమేనంటాను, కాకపోతే తొందర ఎక్కువైన ప్రేమ.

నేను పనిచేసేది ఒక చిన్న రేడియో స్టేషన్‌లో. కింద పుస్తకాల బైండింగు దుకాణం, పైన మేము. రోజూ పదకొండు నుంచి పన్నెండు దాకా 'ఇంటిమాట' అనే ప్రోగ్రాం వస్తుంది. జనం ఫోన్ చేసి ఇంటి సంగతులు మాట్లాడతారు. గోడకి పెచ్చులూడటం దగ్గర్నుంచి తోడికోడలు పలకరించకపోవడం దాకా అన్నీ వస్తాయి. నా పని ఆ ఫోన్లెత్తి, మాట్లాడేవాళ్ళని వరసలో ఉంచి, ఒక్కొక్కరినే స్టూడియోకి కలపడం. ఆ వేసవి మొదట్లో ప్రోగ్రాం నడిపే అమ్మాయి పురిటికి వెళ్ళింది. మేనేజరుగారు అటూ ఇటూ చూసి, చివరికి నా వైపు చూశారు.

"మూడు నెలలు నువ్వే కూర్చో. ఎలాగూ నీ నోటికి సెలవులుండవుగా," అన్నారు.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. అప్పుడది జరిగిందని కూడా నేను పట్టించుకోలేదు. ఒక మధ్యాహ్నం చేతివృత్తుల శిక్షణ కేంద్రం నుంచి ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. వారానికి రెండు సాయంత్రాలు మోటార్ వైండింగ్ క్లాసు పెట్టాలనుకుంటున్నారట, నేర్పడానికి మా ఆయన పేరు నలుగురు చెప్పారట.

"అయ్యో, ఆయనకి మాట్లాడటం ఇబ్బందండీ. క్లాసులూ అవీ ఆయన పెట్టుకోరు," అన్నాను.

"అలాగా అమ్మా. పోనీలెండి," అని ఆయన పెట్టేశారు.

ఈ సంగతి మా ఆయనకి చెప్పలేదు. కావాలని దాచలేదు, చెప్పి ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నాను. ఐదు నిమిషాల్లో మర్చిపోయాను కూడా.

మొదటి రోజు నన్ను మైకు ముందు కూర్చోబెట్టింది సైగల మాస్టారు. ముప్ఫై ఏళ్ళుగా అద్దం అవతలి గదిలో కూర్చుని మీటలు జరిపే సౌండు మనిషి ఆయన. ప్రోగ్రాం నడుస్తుండగా అక్కడి మాట ఇక్కడికి వినిపించదు కాబట్టి అన్నీ చేతులతో చెప్పడం అలవాటైపోయింది. ఆఖరికి కింద టీకొట్టులో కూడా ఒక వేలు చూపించి టీ తెప్పించుకునేవారు, అదే వేలు అడ్డంగా ఊపితే చక్కెర వద్దని. ఆయన నోరు తెరిచి మాట్లాడారంటే అది గట్టి సంగతి అయి ఉండాలి.

"మైకుకి జానెడు దూరంలో ఉండు. మొహం కాస్త పక్కకి పెట్టు, గాలి నేరుగా కొట్టకూడదు. కాయితాలు కదిలించకు. గోరువెచ్చని నీళ్ళు దగ్గర పెట్టుకో. మాట్లాడేది ఊరందరితో అనుకోకు, ఒక్క మనిషితో అనుకో. ఆ మనిషి ఇంట్లో ఏదో పని చేసుకుంటూ వింటోంది. అంతే."

"అంతేనా మాస్టారూ? ఇదేం బ్రహ్మవిద్య!"

"అసలుది తర్వాత చెప్తాను," అని తన గదిలోకి వెళ్ళిపోయారు.

మొదటి వారం నేను రేడియోలో ఊపిరి తీసుకున్నట్టు గుర్తులేదు. దానికి కారణం నా స్వభావం ఒక్కటే కాదు. స్టేషన్‌లో ఒక యంత్రం ఉంది. ఎనిమిది సెకన్లపాటు ఏ శబ్దమూ వెళ్ళకపోతే ఏదో చెడిపోయిందనుకుని దానంతటదే పాట పెట్టేస్తుంది. రెండో రోజు నేను నీళ్ళు తాగుతూ పొలమారి ఆగితే, మధ్యలో వీణ మోగింది. పరువు పోయినట్టయింది. ఆ తర్వాత ఎవరు కాస్త ఆగినా ఆ ఖాళీలోకి నేను దూకేసేదాన్ని.

"నీ మాటల్లో ఎక్కడా చుక్క పెట్టవేమే అమ్మాయ్. నేను గుక్క తిప్పుకోవడానికి రేడియో కట్టెయ్యాల్సొచ్చింది," అంది మా అత్తయ్య.

"మీరు వినడానికే కదా అత్తయ్యా, మాట్లాడేది నేనేగా."

"వినడానికీ ఊపిరి కావాలే!"

మాస్టారు ముందు నా ఊకొట్టడం మాన్పించారు. అవతలివాళ్ళు మాట్లాడుతుంటే నేను ఊఁ, ఆఁ, అయ్యో, అలాగా అంటూనే ఉండేదాన్ని. రేడియోలో అది చెవిలో జోరీగలా వినిపిస్తుందట. నోటితో కాదు, తలతో ఊకొట్టమన్నారు. నేను శ్రద్ధగా తల ఊపుతూ కూర్చుంటే అవతల ఆవిడెవరో "హలో, ఉన్నారా? పోయారా?" అని కంగారుపడింది. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజుల్లో జరిగినవి తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం తేలికవుతుంది.

నెల తిరిగాక ఒకరోజు ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. సన్నటి గొంతు, ఆచితూచి మాట్లాడుతోంది. భర్త పోయి ఆరు నెలలైందట.

"ఆయన పోయాక, అమ్మా... ఇల్లంతా నాకు..." అని ఆగింది.

నేను ఆగలేదు. "బోసిగా అనిపిస్తోంది, కదమ్మా. ఎంత సహజమో. ముప్ఫై నలభై ఏళ్ళ తోడు..." అంటూ రెండు నిమిషాలు ఓదార్చాను. నా గొంతు నాకే ముద్దొచ్చింది.

"ఆఁ... అంతేనమ్మా. ఉంటాను," అని ఆవిడ పెట్టేసింది.

మర్నాడు మాస్టారు నన్ను తన గదిలోకి పిలిచి ఆ రికార్డింగు వినిపించారు.

"ఆవిడ ఏం చెప్పింది?" అని అడిగారు.

"ఇల్లంతా బోసిగా ఉందని."

"అది నువ్వు చెప్పావు. ఆవిడ ఏం చెప్పింది?"

మళ్ళీ వినిపించారు. ఇల్లంతా నాకు, అన్న తర్వాత ఒక చిన్న శ్వాస ఉంది. ఆవిడ ఏదో అనబోతూ తీసుకున్న శ్వాస. దాని మీద నా గొంతు వచ్చి పడింది.

"మాట అందించకు," అన్నారు మాస్టారు. "అందించిన మాట తీసుకోకపోతే బాగుండదని జనం తీసేసుకుంటారు. వాళ్ళ మాట వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. ఇదే నేను చెప్తానన్న అసలుది. ఎనిమిది సెకన్లంటే చాలా ఎక్కువమ్మా. యంత్రం దగ్గర ఉన్నంత ఓపిక మనకి లేకపోతే ఎలా?"

నాకు రోషం వచ్చింది. మాట్లాడటానికి కూర్చోబెట్టి మాట్లాడొద్దంటాడేమిటీయన అనుకున్నాను. కానీ ఆ శ్వాస మాత్రం చెవిలో ఉండిపోయింది. వారం తర్వాత వరసలో మళ్ళీ ఆవిడ గొంతు వినపడగానే గుర్తుపట్టాను.

"అమ్మా, మొన్న మీరు చెప్పబోతుంటే నేను అడ్డం పడ్డాను. ఇప్పుడు చెప్పండి," అన్నాను.

"ఏం లేదమ్మా... ఆయన పోయాక ఇల్లంతా నాకు..." ఆగింది. నేను బల్ల అంచు పట్టుకున్నాను. రెండు, మూడు, నాలుగు. అద్దం అవతల మాస్టారు అరచెయ్యి ఎత్తి పట్టుకున్నారు. ఐదు. ఆరు.

"...ఇల్లంతా నాదే అనిపిస్తోందమ్మా. కిటికీలన్నీ తెరుచుకుంటున్నాను. నాకు నచ్చిన చోట మంచం వేసుకున్నాను. ఆయన మంచివాడే. అయినా నాకు హాయిగా ఉంది. తప్పా?"

నేను ఏమన్నానో గుర్తులేదు. "తప్పు కాదమ్మా" అన్నాననుకుంటాను. ఆ గంటలో వచ్చిన ఫోన్లన్నీ ఆవిడ గురించే. తప్పు కాదని చెప్పడానికి ఊళ్ళో ఆడవాళ్ళంతా క్యూ కట్టారు.

ఆ సాయంత్రం మా ఆయన షాపు నుంచి వచ్చి, చేతికంటిన వార్నిష్ కడుక్కుని, తుడుచుకుంటూ నా ఎదురుగా కూర్చున్నారు. ఏదో చెప్పబోతున్నారని మొహం చూస్తే తెలిసింది. పెదవి వణికింది. మామూలు రోజైతే ఈపాటికి నేను నాలుగు మాటలు అందించి ఉందును, ఏదో ఒకటి తగలకపోతుందా అని. నాలుక కరుచుకుని కూర్చున్నాను. ఆయన ఆశ్చర్యంగా ఒకసారి నా వైపు చూశారు, నాకు ఒంట్లో బాగుందా లేదా అన్నట్టు.

"ట్రై... ట్రైనింగ్ సెంటర్లో... సాయంత్రం క్లాసు పెడుతున్నారట. వైండింగ్ నేర్పడానికి. చె... చెప్పే మనిషి దొరకలేదట."

"అలాగా," అన్నాను. నా గొంతు నాకే వేరుగా వినిపించింది.

"న... న..." ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎన్ని సెకన్లో నేను లెక్కపెట్టలేదు. "నన్ను అడిగి ఉంటే... వెళ్ళేవాణ్ణి."

వసపిట్టకి మాట పడిపోయింది. ఆయన లేచి, అత్తయ్యకి మందు ఇవ్వడానికి వెళ్ళారు.

మర్నాడు స్టేషన్ నుంచి ప్రిన్సిపాల్‌గారికి ఫోన్ చేశాను. పొరపాటైందని, మా ఆయన తప్పకుండా వస్తారని గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

"సంతోషం అమ్మా. నెలాఖరుదాకా ఎవరినీ తీసుకోం," అన్నారాయన. "కానీ ఒక్క మాట. ఆయన వస్తారని ఆయనే చెప్పాలి. వద్దని మీరు చెప్పారు, వస్తారనీ మీరే చెప్తున్నారు. నేర్పాల్సింది ఆయన కదా."

చెంప మీద కొట్టినట్టుంది, కానీ ఆ దెబ్బ నాకు కావలసిందే. ఇంకేముంది, ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పెయ్యడమే అనుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికేం, బంగారంలాంటిది! రేడియోలో అంతమందితో మాట్లాడేదాన్ని ఇంట్లో ఒక్క మనిషికి ఒక్క సంగతి చెప్పలేనా?

చెప్పలేకపోయాను. మూడు వారాలు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఆయన భోజనం చేస్తుంటే మొదలుపెట్టేదాన్ని, "ఏవండీ, ఆ క్లాసు..." అని. ఆయన తలెత్తి చూసేవారు. "ఆ క్లాసు సంగతి ఏమైందో," అని తప్పించుకునేదాన్ని. నేను ఎందుకు భయపడుతున్నానో నాకు తెలుసు. చెప్తే ఆయనకి తెలిసేది క్లాసు తప్పిపోయిందని కాదు. ఇది నీ వల్ల కాదని, ఊళ్ళోవాళ్ళు కాదు, పక్కన పడుకునే మనిషే తేల్చేసిందని. ఆ మాట ఆయన చెవిన పడితే ఇక జన్మలో పదిమంది ముందు నోరు విప్పరేమోనని నా భయం. విప్పకపోతే దానికి కారణం నేనే. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. దాటకుండా లోపలే ఉండిపోయిన మాట ఎంత బరువో ఆ మూడు వారాల్లో తెలిసింది.

నెలాఖరుకి ఇంకా మూడు రోజులున్నాయి. ఎండలు మండిపోతున్నాయి, ఊళ్ళో ఫ్యాన్లన్నీ మూలుగుతున్నాయి. మర్నాటి 'ఇంటిమాట'లో ఫ్యాన్ల గురించి చెప్పడానికి పిలిచిన ఎలక్ట్రీషియన్‌కి జలుబు చేసి గొంతు పోయింది. మేనేజరుగారు తల పట్టుకున్నారు. మాస్టారు నా వైపు తిరిగి, చేత్తో తీగ చుడుతున్నట్టు చూపించారు.

"మా ఆయనా? ఆయన రారండీ," అన్నాను.

మాస్టారు నోరు తెరిచారు. "ఆయన్నడిగావా?"

సిగ్గుతో తల వంచుకున్నాను. నెల రోజుల పాఠం గాలికి పోయింది. మళ్ళీ అదే నోరు, అదే తొందర.

ఇంటికి వెళ్ళి అడిగాను. ఆయన ఏమనకముందే అత్తయ్య లేచింది.

"నీకేమైనా మతి పోయిందా? ఊరు ఊరంతా వింటుందే! చిన్నప్పుడు బళ్ళో నిలబెట్టి పాఠం చదవమంటే అందరూ నవ్వారని వీడు మూడు రోజులు అన్నం ముట్టలేదు. అప్పట్నుంచి వీడికి నోరై నేనున్నాను, తర్వాత నువ్వొచ్చావు. కాపాడాల్సిందానివి నువ్వే తీసుకెళ్ళి నవ్వులపాలు చేస్తావా?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ తప్పేముంది? ఆవిడ చేసిందే నేనూ చేశాను, అంతే ప్రేమతో.

"అ... అమ్మా," అన్నారు మా ఆయన. అత్తయ్య "అదే, వద్దనేగా" అని అందించబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం నిలబడి ఆగాం. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒకేసారి ఊరుకోవడం అదే మొదటిసారి.

"నే... నేను వెళ్తాను."

మర్నాడు స్టూడియోలో ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మాస్టారు లోపలికి వచ్చి మైకు ఆయన ఎత్తుకి సరిచేసి, నా చెవి దగ్గర వంగి, "పాట పెట్టే యంత్రాన్ని ఇవాళ ఆపేశాను. అవసరమైతే నేనే చూసుకుంటా," అన్నారు.

"రూల్సు ఒప్పుకుంటాయా మాస్టారూ?"

వేలు అడ్డంగా ఊపి వెళ్ళిపోయారు.

ఎర్ర దీపం వెలిగింది. పరిచయం చేశాను. నా జీవితంలో అంత చిన్న పరిచయం ఇంకెప్పుడూ చేయలేదు. తర్వాత, "ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కానీ గాలి రాదు. నీరసంగా తిరుగుతుంది. ఎందుకంటారు?" అని అడిగాను.

"కె..." అన్నారాయన. అక్కడ ఆగిపోయింది.

ఆయన చెప్పబోయే మాట నాకు తెలుసు. పదకొండేళ్ళుగా ఆ షాపులో వింటున్న మాట. నాలుక చివరికి వచ్చి కూర్చుంది. దాన్ని పళ్ళ వెనకే ఆపాను. ఆయన మెడ నరాలు బిగుసుకున్నాయి. ఐదు. ఆరు. అద్దం అవతల మాస్టారి అరచెయ్యి కదలకుండా ఉంది. ఎనిమిది. తొమ్మిది. మేనేజరుగారు తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. పది.

"...కెపాసిటర్. దా... దాని బలం తగ్గిపోతుంది. చిన్న డబ్బాలా ఉంటుంది. మార్చుకుంటే చాలు. కొ... కొత్త ఫ్యాన్ కొనక్కర్లేదు."

అంతే, ఫోన్లు మోగాయి. మూడో ఫోన్ ఒక హుషారైన గొంతు. "ఏంటండీ, లైన్ ఆగాగి వస్తోంది? మీ రేడియో పాడైందా?" అని పకపకా నవ్వాడు. నా ఒళ్ళు మండింది. వాడికి బుద్ధి చెప్పడానికి మైకు వైపు వంగాను. మా ఆయన చెయ్యి నా మోచేతి మీద పడింది.

"లైన్ బా... బాగానే ఉంది బాబూ. నా మాటే ఆగుతుంది. మళ్ళీ వస్తుంది. నీ... నీ ఫ్యాన్ సంగతి చెప్పు."

తర్వాత ఆ గొంతు పూర్తిగా మారిపోయింది. "సారీ అండీ. మా ఫ్యాన్ శబ్దం చేస్తోందండీ. నలుగురికి చూపించాను, ఎవరూ చెప్పలేకపోయారు."

"ఫో... ఫోన్ ఫ్యాన్ కింద పట్టుకో. మాట్లాడకు. ఇప్పుడు స్విచ్ ఆపెయ్యి."

ఊరంతా ఆ ఫ్యాన్ చప్పుడు విన్నది. గరగర తిరిగి, నెమ్మదించి, గర్... గర్... అంటూ ఆగింది. ముప్ఫై సెకన్లు రేడియోలో ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన తల ఒక పక్కకి వంచి కళ్ళు మూసుకున్నారు. షాపులో రోజూ ఆయన అలాగే కూర్చుంటారు. దాన్ని నేను మౌనమనుకున్నాను ఇన్నాళ్ళూ, ఆయన వింటున్నారు.

"స్విచ్ ఆపాక కూడా చప్పుడు వ... వస్తే, అది బేరింగ్. ఆపగానే చప్పుడు పోతే క... కరెంటు వైపు లోపం. నీది బేరింగ్. కింది వైపుది. పైది బాగుంది."

కింది వైపుది, పైది బాగుంది! ఫోన్లో విని! ఆ తర్వాత ఒక్కొక్కరూ ఫోన్ పట్టుకుని తమ తమ ఫ్యాన్లు వినిపించడం మొదలుపెట్టారు. ఒకావిడ మిక్సీ వినిపించింది. ఒక పెద్దాయన, "ఇది ఫ్యాన్ కాదు నాయనా, మా ఆవిడ గురక. ఏమైనా చెయ్యగలవా?" అన్నాడు. మా ఆయన నవ్వారు. రేడియోలో ఆయన నవ్వు తడబడకుండా పూర్తిగా వినిపించింది. పన్నెండైనా మాస్టారు ఆపమని చెయ్యి చూపించలేదు. పన్నెండూ పదికి చూపించారు, అదీ మనసొప్పక.

ఎర్ర దీపం ఆరాక మాస్టారు అద్దం అవతల నుంచి మా ఆయన వైపు చూసి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకున్నారు. అంత గొప్ప సైగ ఆయన చెయ్యడం నేను మళ్ళీ చూడలేదు. ఆ మనిషి నాకు నేర్పినది ఏ బళ్ళోనూ నేర్పరు. ఎక్కడున్నా చల్లగా ఉండాలని రోజూ తలుచుకుంటాను.

బయటికి వస్తుంటే, నా బదులు ఫోన్ల దగ్గర కూర్చుంటున్న అమ్మాయి నన్ను ఆపింది. రెండు కబుర్లు రాసి పెట్టింది. ఒకటి మా అత్తయ్యది. "లైన్లోకి రానన్నారండీ. 'వాడి గొంతు ఇంత బాగుంటుందని నాకు తెలీదు, చెప్పు' అని పెట్టేశారు. ఏడుస్తున్నట్టున్నారు." రెండోది ప్రిన్సిపాల్‌గారిది. సాయంత్రంలోపు మా ఆయన్ని స్వయంగా ఫోన్ చెయ్యమన్నారట.

ఇక తప్పించుకునే దారి లేదు. మెట్లు దిగి, బైండింగు దుకాణం దాటి, రోడ్డు వారన నీడ చూసుకుని నడుస్తున్నాం. ఆయన సంతోషంగా ఉన్నారు, చొక్కా పై గుండీ విప్పుకున్నారు. నేను ఆగాను.

"ఏవండీ. నేను... వేసవి మొదట్లో... ఆ ప్రిన్సిపాల్‌గారు..."

మాట ఆగిపోయింది. ఆయన నా ఎదురుగా నిలబడి చూస్తున్నారు. నేను మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ ఆగాను. ఆయన ఏమీ అనలేదు. సాయపడలేదు. వెళ్ళిపోనూ లేదు. ఒక బస్సు వెళ్ళింది, ఇంకో బస్సు వెళ్ళింది.

"ఆయన ఫోన్ చేసి మిమ్మల్ని క్లాసు చెప్పమని అడిగారు. నేను మీ వల్ల కాదని చెప్పేశాను. మిమ్మల్ని అడగను కూడా లేదు. తప్పు చేశానండీ."

"తె... తెలుసు," అన్నారు.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"ఆ వారమే. ప్రిన్సిపాల్ తన టే... టేబుల్ ఫ్యాన్ తెచ్చాడు. ఆయనే చెప్పాడు." కాసేపు ఆగి, నెమ్మదిగా చెప్పారు. "రెండు రోజులు కోపమొచ్చింది. త... తర్వాత భయమేసింది. నువ్వే వద్దన్నావంటే, ని... నిజంగానే నా వల్ల కాదేమో అని. ఆయనకి ఏమీ చెప్పలేకపోయా."

నేను అక్కడే రోడ్డు మీద ఏడ్చేశాను. "మరి తెలిసినప్పుడు నన్నడగొచ్చుగా! ఇన్ని రోజులు నేను నలిగిపోతుంటే చూస్తూ ఊరుకుంటారా? ఇప్పుడైనా, చెప్పలేక చస్తుంటే, తెలుసులే అని ఒక్క మాట అందించొచ్చుగా!"

"నీ మా... మాట కదా," అన్నారు. "నువ్వే చెప్పాలి."

కోపంగా అనలేదు. తీగ చుట్టేటప్పుడు ఎంత నిదానంగా ఉంటారో అంత నిదానంగా అన్నారు. పదకొండేళ్ళుగా ఈ మనిషి నా ప్రతి మాటా చివరిదాకా వింటూ వచ్చాడు. ఒక్కసారి కూడా మధ్యలో అడ్డు రాలేదు. రాలేక కాదని ఆ రోడ్డు మీద నాకు అర్థమైంది.

నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన నా సంచిలోంచి ఫోన్ తీసుకుని, ప్రిన్సిపాల్‌గారి నంబరు నొక్కి, నాలుగడుగులు పక్కకి వెళ్ళారు. ఏం మాట్లాడారో నాకు వినపడలేదు. చెయ్యి ఊపుతూ చాలాసేపు మాట్లాడారు. తిరిగొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టారు.

"సో... సోమవారం మొదటి క్లాసు. నువ్వు నాతో రావద్దు."

"సరే," అన్నాను.

"ఇంటికొచ్చాక అంతా చె... చెప్తాను. ఆలస్యమవుతుంది."

సోమవారం సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, నన్నూ అత్తయ్యనీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. క్లాసులో పద్నాలుగు మంది ఉన్నారట. ఒకమ్మాయి తీగ చుట్టడంలో అప్పుడే ఆయన్ని మించిపోయేలా ఉందట. ఒకడు మొదటి మాటకి నవ్వాడట, మూడో మాటకి పుస్తకం తెరిచాడట. అన్నీ చెప్పడానికి ఆయనకి గంటన్నర పట్టింది. అందులో ఒక్క మాట కూడా మాది కాదు.